మాన్షియర్ రేమండ్

మాన్షియర్ రేమండ్ అను పేరుతో ప్రసిద్ధుడైన మిషెల్ జోకిం మరీ రేమండ్ (1755 - 1798 మార్చి 25) ఫ్రాన్సు దేశము నుండి వచ్చి హైదరాబాదు నిజాం కొలువులో సేనాధిపతిగా పనిచేసిన వ్యక్తి. రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ పాలనలో 300 మంది సిపాయిలతో మొదలైన ఇతని దళము ఒక పుష్కర కాలములో సుమారు 14,000 మంది గల సైన్యముగా పెరిగినది. ఇతడు మరణించిన ఏడు నెలలకే ఆ సైన్యము పోరాటమేమీ లేకుండా ఆయుధాలు విడిచినది. దానితో హైదరాబాదు రాజ్యము ఈస్టిండియా కంపెనీ సైనిక రక్షణలోకి పోయినది. దక్షిణ భారత చరిత్రలో ఇది ఒక ముఖ్యమైన మలుపు.

రేమండ్ సమాధి హైదరాబాదు నగరపు తూర్పు భాగములో, మలక్‌పేట దగ్గరి ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఉన్నది. నాచారం, ఉప్పల్, రామంతాపూర్ ప్రాంతాల నుండి అంబర్‌పేట మీదుగా మూసీ నది దాటితే మూసారాంబాగ్ వస్తుంది. ఆ పేటకు ఆ పేరు రేమండ్ వలననే వచ్చినది. నగరములోని గన్‌ఫౌండ్రీ అను ప్రాంతమునకు ఆ పేరు రావడానికి కారణమైన ఫిరంగుల కార్ఖానా కూడా ఇతడు నెలకొల్పినదే.

నేపథ్యము

18వ శతాబ్దములో మొగలు సామ్రాజ్యము బలహీనపడిన తరువాత దక్కనులో నిజాములు, మరాఠాలు, మైసూరు పాలకులు, ఐరోపా వర్తక కంపెనీలు ఆధిపత్యము కొరకు పోటీపడ్డారు. ఈ పోటీలో ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన కాల్బలము నిర్ణాయక శక్తిగా మారినది. తుపాకీ, దాని మొనకు బిగించే బాకు, వేగముగా కదిలే తేలికపాటి ఫిరంగులు, ఒకే ఆజ్ఞపై వరుసలు తీరి కాల్చే కవాతు, ఇవి ఆ పద్ధతికి ముఖ్య లక్షణాలు. సంఖ్యలో తక్కువైనా ఇటువంటి దళాలు పెద్ద గుర్రపు దండులను నిలువరించగలిగేవి.

హైదరాబాదుకు ఈ పద్ధతి కొత్తది కాదు. 1751లో సలాబత్ జంగుకు అండగా వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ 1758 వరకు నిజాం దర్బారులో గొప్ప పలుకుబడి గడించాడు. తన సైన్యపు జీతాల కొరకు 1753లో శ్రీకాకుళము నుండి కొండపల్లి వరకు గల ఉత్తర సర్కారులను పొందాడు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధములో విజయనగర రాజు పక్షాన నిలిచి కోటను ముట్టడించిన ఫ్రెంచి సైన్యము ఇతనిదే. 1758లో చందుర్తి వద్ద, 1759లో మచిలీపట్నము వద్ద ఆంగ్లేయుల చేతిలో ఓడిన తరువాత తెలుగు నేలపై ఫ్రెంచివారి అధికారము ముగిసినది.

ఐరోపా అధికారుల కింద పనిచేసిన దేశీయ సిపాయిలను ఉత్తర భారతములో తిలంగాలు అని పిలిచేవారు. తొలినాళ్ళలో ఇటువంటి సిపాయిలు తెలుగు ప్రాంతాల నుండి ఎక్కువగా చేరడమే ఈ పేరుకు కారణము. రేమండ్ హైదరాబాదు చేరేనాటికి ఈ పద్ధతి దక్కనులో వేళ్ళూనుకొని ఉన్నది.

తొలి జీవితము

రేమండ్ 1755లో ఫ్రాన్సు నైరుతి భాగమైన గాస్కనీ ప్రాంతములోని సెరిన్యాక్ అను గ్రామములో ఒక వర్తక కుటుంబములో జన్మించాడు. 1775లో వ్యాపారము చేయు ఉద్దేశముతో భారతదేశానికి వచ్చి, ఫ్రెంచివారి స్థావరమైన పుదుచ్చేరిలో దిగాడు. కొద్దికాలములోనే వర్తకము విడిచి సైనిక వృత్తిలో ప్రవేశించాడు. మైసూరు పాలకుల కొలువులో షెవాలియే దె లాసే నాయకత్వాన ఉన్న ఫ్రెంచి దళములో చిన్న అధికారిగా చేరి, దక్కను యుద్ధరీతులను దగ్గరగా చూశాడు.

1783లో బుస్సీ వృద్ధాప్యములో మరల భారతదేశానికి ఫ్రెంచి సేనానిగా వచ్చినప్పుడు రేమండ్ అతనికి అంగరక్షక సహాయాధికారి అయ్యాడు. ఆ ఏడాదే ఐరోపాలో సంధి కుదిరి ఫ్రాన్సు, బ్రిటనుల మధ్య యుద్ధము ఆగిపోయినది. 1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరిలో మరణించాడు. ఆ తరువాత రేమండ్ నిజాం కొలువును ఆశ్రయించాడు. ఒకప్పుడు బుస్సీ అధికారము నెరపిన దర్బారులోనే అతని శిష్యుడు తిరిగి ఫ్రెంచి దళమును నిర్మించడానికి పూనుకున్నాడు. కాని ఇద్దరి స్థితిలో ఒక ముఖ్యమైన భేదము ఉన్నది. బుస్సీ ఫ్రెంచి కంపెనీ సేనాని. రేమండ్ నిజాం జీతగాడు.

నిజాం కొలువులో

1786 ప్రాంతములో నిజాం అలీ ఖాన్ రేమండ్‌కు ఒక చిన్న దళమును తయారుచేసే అనుమతి ఇచ్చాడు. మొదట ఇందులో 300 మంది మాత్రమే ఉండేవారు. వారికి సరిపడు తుపాకులు కూడా లేవు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్క తుపాకీని నెలకు ఎనిమిది అణాల అద్దెకు తీసుకున్నాడని చరిత్రకారులు వ్రాశారు.

నిజాంకు ఇటువంటి దళము అవసరము ఎంతో ఉండేది. పడమట మరాఠాలు చౌతు బకాయిల పేరిట ఎప్పుడూ ఒత్తిడి చేసేవారు. దక్షిణాన టిప్పు సుల్తాను బలవంతుడు. తూర్పున ఆంగ్లేయులు 1766, 1768 సంధులతో ఉత్తర సర్కారులను, 1788లో గుంటూరు సర్కారును చేజిక్కించుకొని సముద్రతీరము వరకు నిజాంకు దారి లేకుండా చేశారు. ఈ మూడు శక్తులలో ఎవరిపైనా పూర్తిగా ఆధారపడని సొంత సైన్యము ఉంటేనే రాజ్యము నిలుస్తుందని నిజాం భావించాడు. రేమండ్ దళము ఆ ఆలోచనకు రూపమయినది.

1790-92లో జరిగిన మూడవ మైసూరు యుద్ధములో నిజాం, మరాఠాలు, ఆంగ్లేయులు ఒకే పక్షాన నిలిచారు. శ్రీరంగపట్నము సంధితో కడప మొదలైన ప్రాంతాలు నిజాంకు దక్కాయి. ఈ కాలములో రేమండ్ దళము క్రమముగా పెరుగుతూ వచ్చినది. 1795 నాటికి అది పదివేల మందిని మించినది.

సైన్యపు తీరు

రేమండ్ సైన్యము పటాలాలుగా విభజింపబడి ఉండేది. సిపాయిలందరూ దేశీయులు. అధికారులు ఫ్రెంచివారు, ఇతర ఐరోపా దేశస్థులు. సైన్యము రద్దయ్యే నాటికి వీరి సంఖ్య 124 అని ఆంగ్లేయుల లెక్క. కాల్బలముతో పాటు ఫిరంగి దళము, కొద్దిపాటి గుర్రపు దళము ఉండేవి.

ఆనాటి రాజ్యాలలో సైనికుల జీతాలు నెలల తరబడి బకాయి పడడము సాధారణము. జీతము అందని సైన్యము సేనానిని నిర్బంధించడము కూడా తరచు జరిగేది. ఈ ఇబ్బంది తొలగడానికి నిజాం రేమండ్‌కు మెదక్ ప్రాంతములో జాగీరు ఇచ్చాడు. ఆ జాగీరు శిస్తు నుండి సైన్యపు ఖర్చులు భరించాలి. దీని వలన జీతాలు వేళకు అందేవి. అదే సమయములో సైన్యము దర్బారుకంటె సేనానికే ఎక్కువ కట్టుబడి ఉండే పరిస్థితి ఏర్పడినది. రేమండ్ బ్రతికి ఉన్నంత కాలము ఇది బలముగా కనిపించినది. అతడు పోయిన తరువాత ఇదే లోపముగా బయటపడినది.

1789లో ఫ్రాన్సులో విప్లవము వచ్చినది. 1793లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ఆక్రమించారు. స్వదేశముతో సంబంధము దాదాపు తెగిపోయినా రేమండ్ దళము ఫ్రెంచి గణతంత్రపు మూడు రంగుల జెండాను ఎగురవేసేది. సైనికుల దుస్తుల బొత్తాములపై విప్లవ చిహ్నమైన స్వేచ్ఛా టోపీ గుర్తు ఉండేదని ఆంగ్ల అధికారి జాన్ మాల్కం పేర్కొన్నాడు. ఒక సంపూర్ణ రాచరికపు సైన్యము రాజును తొలగించిన గణతంత్రపు గుర్తులను ధరించడము వింతగా కనిపించవచ్చు. నిజాంకు ఆ గుర్తుల అర్థముతో పని లేదు. ఆంగ్లేయులకు మాత్రము అవి పెద్ద హెచ్చరికగా తోచాయి.

ఫిరంగుల కార్ఖానా

అద్దె తుపాకులతో మొదలుపెట్టిన రేమండ్ ఆయుధాలను హైదరాబాదులోనే తయారుచేయించాలని నిశ్చయించాడు. ఫతే మైదానము దగ్గర ఫిరంగులు పోత పోసే కార్ఖానాను నెలకొల్పాడు. దీనిని తోప్ కా సాంచా అనేవారు. ఉర్దూలో తోప్ అనగా ఫిరంగి, సాంచా అనగా అచ్చు. ఇచ్చట ఫిరంగులు, గుండ్లు, తుపాకులు తయారయ్యేవి.

ఐరోపా నుండి ఆయుధాలు రావాలంటే రేవుల ద్వారా రావాలి. కోస్తా రేవులన్నీ అప్పటికే ఆంగ్లేయుల చేతిలో ఉన్నాయి. అందుచేత సొంత కార్ఖానా లేకుండా నిజాంకు స్వతంత్ర సైన్యము సాధ్యము కాదు. 1796లో రేమండ్ నిజాం ఆయుధాగారాల అధికారి కూడా అయ్యాడు. కార్ఖానా గోడల శిథిలాలు ప్రస్తుత లాల్ బహదూర్ స్టేడియమునకు సమీపాన మిగిలి ఉన్నాయి.

ఖర్డా యుద్ధము

1795లో చౌతు బకాయిల విషయమై నిజాం, మరాఠాల మధ్య యుద్ధము వచ్చినది. నిజాం కొలువులో అప్పటికే రెండు ఆంగ్ల పటాలాలు ఉన్నాయి. కాని గవర్నరు జనరల్ సర్ జాన్ షోర్ తటస్థముగా ఉండదలచి, వాటిని మరాఠాలపై పంపడానికి అంగీకరించలేదు. నిజాం రేమండ్ సైన్యముపై ఆధారపడి బయలుదేరాడు.

1795 మార్చి 11న ప్రస్తుత మహారాష్ట్రలోని ఖర్డా వద్ద రెండు సైన్యాలు తలపడ్డాయి. మరాఠాల పక్షాన కూడా సింధియా కొలువులోని ఫ్రెంచి సేనాని పెరాన్ నడిపిన పటాలాలు ఉన్నాయి. అందువలన ఇరువైపులా ఫ్రెంచి అధికారులు శిక్షణ ఇచ్చిన దేశీయ సిపాయిలే ఎదురెదురుగా నిలిచారు. నిజాం గుర్రపు దళము చెదిరిపోయినా రేమండ్ కాల్బలము నిలకడగా పోరాడినది. కాని నిజాం యుద్ధభూమి విడిచి ఖర్డా కోటలోకి వెనుదిరిగాడు. రేమండ్ కూడా ఆజ్ఞ ప్రకారము వెనుకకు రావలసి వచ్చినది. ఆ రాత్రి సైన్యములో కలవరము పుట్టి అధిక భాగము చెల్లాచెదురయినది. కోటను మరాఠాలు చుట్టుముట్టగా నిజాం సంధికి ఒప్పుకున్నాడు. దౌలతాబాదు కోటను, కొంత భూభాగమును, పెద్ద మొత్తములో ధనమును ఇవ్వవలసి వచ్చినది. ప్రధానమంత్రి అరిస్తు జాను మరాఠాలు బందీగా పూనాకు తీసుకుపోయారు.

ఖర్డా పరాజయము నిజాంకు రెండు పాఠాలు నేర్పినది. ఆపదలో ఆంగ్లేయులు ఆదుకోరు అనేది ఒకటి. తన సేనలలో నిలిచి పోరాడినది రేమండ్ దళమే అనేది రెండవది. తిరిగి వచ్చిన వెంటనే నిజాం ఆంగ్ల పటాలాలను పంపివేశాడు. రేమండ్‌కు దళమును ఇంకా పెంచమని ఆదేశించాడు.

అలీ జా తిరుగుబాటు

1795 జూన్ చివరలో నిజాం పెద్దకుమారుడు అలీ జా తండ్రిపై తిరుగుబాటు చేసి బీదరుకు పారిపోయాడు. అసంతుష్టులైన సర్దారులు అతనితో చేరారు. నిజాం భయపడి ఆంగ్ల పటాలాలను వెనుకకు పిలిపించాడు. కాని అవి వచ్చేలోపలే రేమండ్ తన సైన్యముతో వెంటాడి అలీ జాను పట్టుకున్నాడు. అతనిని హైదరాబాదుకు తెచ్చే దారిలో అలీ జా విషము తీసుకొని మరణించాడు.

ఈ విజయముతో రేమండ్ దర్బారులో అత్యున్నత స్థానము పొందాడు. యుద్ధములో డ్రాగన్ వంటివాడు అను అర్థము వచ్చే అజ్దర్ జంగ్, ముతహవ్వర్ ఉల్ ముల్క్ మొదలైన బిరుదులు ఇతనికి లభించాయి. రేమండ్ దర్బారు మర్యాదలను పాటిస్తూ, పెద్ద ఉమరావు వలె జీవించేవాడు.

ఆంగ్లేయుల ఆందోళన

1795 తరువాత రేమండ్ దళాలు కొన్ని కడప, కంభము ప్రాంతాలలో నిలిచాయి. ఇవి కంపెనీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న తాలూకాలు. అక్కడి నుండి తూర్పు తీరానికి దారి దొరికితే ఫ్రాన్సు నుండి వచ్చే ఓడలతో ఈ సైన్యము కలియవచ్చునని ఆంగ్లేయులు శంకించారు. కంపెనీ అభ్యంతరము తెలిపినది. పక్కనే టిప్పు సుల్తాను ఫ్రెంచివారితో మైత్రికి ప్రయత్నించడము ఈ భయమును మరింత పెంచినది.

రేమండ్‌కు పోటీగా ఇతర దళాలను పెంచడము ఆంగ్ల పక్షము అనుసరించిన ఒక ఉపాయము. ఐర్లండుకు చెందిన ఫింగ్లాస్, అమెరికా వాడైన జాన్ పార్కర్ బోయ్డ్ నాయకత్వాన చిన్న దళాలు నిజాం కొలువులో ఏర్పడ్డాయి. కాని ఇవేవీ రేమండ్ సైన్యమునకు సాటి రాలేదు.

అసలు మార్పు దర్బారులో వచ్చినది. పూనాలో పేష్వా రెండవ మాధవరావు 1795లో మరణించగా అక్కడ వారసత్వ తగాదాలు చెలరేగాయి. బందీగా ఉన్న అరిస్తు జా ఆ తగాదాలను వాడుకొని, విడుదల పొంది, 1797లో హైదరాబాదు చేరాడు. ఇతడు ఆంగ్లేయులతో పొత్తు కోరేవాడు. అదే కాలములో విలియం కిర్క్‌పాట్రిక్ స్థానములో అతని తమ్ముడు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ ఆంగ్ల రెసిడెంటు బాధ్యతలు చేపట్టాడు.

మరణము

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా మరణించాడు. అప్పటికి వయస్సు 43 సంవత్సరాలు మించలేదు. విషప్రయోగము జరిగినదని నగరములో వదంతి పుట్టినది. దానిని నిరూపించే ఆధారము లేదు. సైన్యాధిపత్యము పిరాన్ అను ఫ్రెంచి అధికారికి వచ్చినది. (సింధియా సేనాని పెరాన్ వేరు, ఈ పిరాన్ వేరు.) పిరాన్‌కు ఫ్రెంచి విప్లవముపై అభిమానము మెండు. కాని రేమండ్‌కు దర్బారులో ఉన్న నేర్పు, నిజాం వద్ద ఉన్న చనువు అతనికి లేవు.

సైన్యము రద్దు

రేమండ్ మరణించిన కొద్ది వారాలకే మార్నింగ్టన్ ప్రభువు (తరువాతి వెల్లస్లీ ప్రభువు) గవర్నరు జనరల్‌గా వచ్చాడు. భారతదేశములో ఫ్రెంచి ప్రభావమును నిర్మూలించడము ఇతని మొదటి లక్ష్యము. 1798 జూలైలో నెపోలియను ఈజిప్టులో దిగడముతో ఈ తొందర ఇంకా ఎక్కువయినది.

1798 సెప్టెంబరు 1న కిర్క్‌పాట్రిక్ నిజాంతో సంధి కుదిర్చాడు. దాని ముఖ్యాంశాలు ఇవి:

* నిజాం రాజ్యములో కంపెనీ ఆరు పటాలాలను, అనగా 6,000 మంది సిపాయిలను, ఫిరంగులతో సహా ఉంచుతుంది.
* అందుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి.
* ఫ్రెంచి అధికారులను తొలగించి, వారి దళములను రద్దు చేయాలి.

అక్టోబరు 10న కర్నల్ రాబర్ట్స్ నాయకత్వాన ఆంగ్ల పటాలాలు హైదరాబాదు చేరాయి. ఆ తరువాత నిజాం వెనుకాడి గోల్కొండ కోటకు తరలిపోయాడు. తాను పెంచిన సైన్యమును తానే రద్దు చేయడానికి అతనికి మనస్సు రాలేదు. కిర్క్‌పాట్రిక్ పట్టు వదలక ఆజ్ఞ వెలువరింపజేశాడు.

ఆజ్ఞ తెలియగానే అక్టోబరు 21న ఫ్రెంచి దళపు శిబిరములో గందరగోళము మొదలయినది. సిపాయిలకు జీతాల బకాయి ఉన్నది. అధికారులు వెళ్ళిపోతే బకాయి ఎవరిస్తారని వారు పిరాన్‌ను, ఇతర అధికారులను నిర్బంధించారు. మాట్లాడడానికి వెళ్ళిన మాల్కమును కూడా చుట్టుముట్టారు. పూర్వము కంపెనీ పటాలములో అతని వద్ద పనిచేసిన కొందరు సిపాయిలు గుర్తుపట్టి కాపాడారని మాల్కం జీవితచరిత్రలో ఉన్నది.

అక్టోబరు 22న ఆంగ్ల సేన శిబిరమునకు ముందు వైపు, వెనుక వైపు మోహరించినది. బకాయిలు చెల్లిస్తామని మాట ఇచ్చారు. కొద్ది గంటలలో వేలాది సిపాయిలు ఆయుధాలు ఒకచోట పేర్చి శిబిరము విడిచి వెళ్ళారు. రక్తపాతము జరగలేదు. ఫ్రెంచి అధికారులను వారి సొంత ఆస్తులతో ఐరోపాకు పంపివేశారు.

పర్యవసానము

హైదరాబాదులో తనకు వెనుక భయము లేదని నిర్ధారించుకున్న కంపెనీ 1799లో టిప్పు సుల్తానుపై యుద్ధము ప్రకటించినది. నిజాం సేన కూడా ఆంగ్లేయుల పక్షాన శ్రీరంగపట్నమునకు కదిలినది. మే 4న కోట కూలి టిప్పు మరణించాడు.

1800 అక్టోబరు 12న మరొక సంధి జరిగినది. సైన్య సహకార వ్యవస్థలోని ఆంగ్ల సేన మరింత పెరిగినది. దాని ఖర్చుకు బదులుగా నిజాం 1792, 1799 యుద్ధాలలో తనకు వచ్చిన కడప, బళ్ళారి తదితర ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తము చేశాడు. అందుచేత ఆ ప్రాంతానికి దత్తమండలము అను పేరు వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లోని రాయలసీమ ఈ దత్తమండలపు భాగమే. తెలుగు నేల నిజాం రాజ్యము, మద్రాసు రాజధాని అని రెండు పాలనల కింద చీలిపోవడములో ఈ సంధి చివరి మెట్టు. రాయలసీమకు, కోస్తాకు ఒక చరిత్ర, తెలంగాణకు మరొక చరిత్ర ఏర్పడడానికి ఇది ఒక ముఖ్య కారణము.

హైదరాబాదు నగరపు రూపము కూడా మారినది. ఆంగ్ల సేన హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేసినది. మూడవ అసఫ్ జా అయిన సికందర్ జా పేరిట 1806లో ఆ విడిదికి సికింద్రాబాదు అను పేరు పెట్టారు. లాలాగూడ, తార్నాక, నాచారం వంటి తూర్పు ప్రాంతాలు కాలక్రమములో ఆ జంట నగరపు చుట్టూ పెరిగాయి. మూసీకి దక్షిణాన ఫ్రెంచి సేనాని సమాధి మిగిలినది. ఉత్తరాన ఆ సైన్యము స్థానములో వచ్చిన దండు ఒక మహానగరమయినది.

సమాధి

రేమండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఎత్తైన వేదిక మీద ఉన్నది. ఇది సుమారు 23 అడుగుల ఎత్తు గల, పైకి పోను పోను సన్నబడే నల్లరాతి స్తంభము. దానిపై రేమండ్ పేరులోని జె, ఆర్ అను రెండు రోమను అక్షరాలు చెక్కి ఉన్నాయి. శిలువ గాని, గుమ్మటము గాని లేవు. పక్కనే గ్రీకు పద్ధతి స్తంభాలు గల చిన్న మండపము ఉన్నది. 2001లో భారీ వర్షాలకు ఈ మండపము కూలిపోగా తరువాత తిరిగి నిర్మించారు. సమాధి రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలలో ఒకటి.

గుట్ట పై నుండి ఒకప్పుడు మూసీ లోయ, నగరపు మినారులు కనిపించేవి. కాలక్రమేణ చుట్టూ కాలనీలు పెరిగి ఆ దృశ్యము మూసుకుపోయినది.

పేరు, జనుల జ్ఞాపకము

ఫ్రెంచి భాషలో గౌరవ సంబోధన అయిన మాన్షియర్ అను మాట స్థానికుల నోట మూసా అయినదని సాధారణముగా వివరిస్తారు. రేమండ్ అను పేరును హిందువులు రామ్ అని, ముస్లిములు రహీం అని పలికారు. ఆ విధముగా ఇతడు ఒకరికి మూసా రామ్, మరొకరికి మూసా రహీం అయ్యాడు. ఇతని తోట ఉన్న చోటు మూసారాంబాగ్ అయినది. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో రైలు మార్గములో ఒక స్టేషనుకు కూడా ఈ పేరే ఉన్నది.

ఇతని వర్ధంతి నాడు సమాధి వద్ద ఉరుసు జరిగేది. మత భేదము లేకుండా జనులు వచ్చి దీపాలు పెట్టేవారు. క్రైస్తవుడైన ఒక విదేశీ సైనికుని సమాధి దర్గా వలె పూజలందుకోవడము అరుదైన విషయము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వర్ధంతికి చుట్టల పెట్టెను, ఒక బీరు సీసాను సమాధికి పంపేవాడని చెబుతారు. ఈ ఉరుసు 1940ల వరకు కొనసాగినది. రచయిత విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన వైట్ మొఘల్స్ గ్రంథములో రేమండ్ సైన్యపు పతనము విపులముగా వర్ణింపబడినది.

అంచనా

ఆంగ్ల అధికారుల వ్రాతలలో రేమండ్ ప్రమాదకరమైన శత్రువుగా కనిపిస్తాడు. ఫ్రెంచి రచయితలు ఇతనిని డూప్లే, బుస్సీల వారసునిగా కీర్తించారు. ఇంతటి అధికారము చేతికి వచ్చినా నిజాంకు విధేయుడుగా ఉన్నాడనేది నిర్వివాదము. అలీ జా తిరుగుబాటు సమయములో సింహాసనము ఇతని దళముపైనే ఆధారపడి ఉన్నది. ఆ అవకాశమును ఇతడు స్వార్థమునకు వాడుకోలేదు.

ఇతని సైన్యము ఎందుకు నిలువలేదు అను ప్రశ్నకు ఆ సైన్యపు నిర్మాణములోనే జవాబు ఉన్నది. అధికారులందరూ విదేశీయులు.  జీతాలు జాగీరు ద్వారా సేనాని చేతి మీదుగా నడిచేవి. అందువలన సేనాని మరణించగానే సైన్యమునకు, దర్బారుకు మధ్య ఉన్న ముడి విడిపోయినది. 1798 అక్టోబరులో సిపాయిలు అడిగినది జెండా గురించి కాదు, బకాయి జీతము గురించి. సొంత సైన్యము ఉండవలెనన్న నిజాం ఆలోచన సరియైనదే. ఆ సైన్యమును సొంతవారి చేతిలో పెట్టకపోవడము వలన అది ఒక మనిషి ఆయుష్షుతో ముగిసినది. ఆ తరువాత కంపెనీ సేన నిజాం ఖర్చుతో హైదరాబాదులో స్థిరపడినది.

ఇవి కూడా చూడండి

* నిజాం అలీ ఖాన్
* బుస్సీ
* బొబ్బిలి యుద్ధము
* సైన్య సహకార పద్ధతి
* దత్తమండలము
* సికింద్రాబాదు
* మూసారాంబాగ్